అమెరికన్ మికాడోను కాజీపేట లైను డబ్ల్యూజీగా మార్చడం: తీగ, మసి, నూనె, సున్నం

భువనగిరి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతు సైజులో, అమెరికన్ లైట్ మికాడో అనే స్టీమ్ ఇంజన్ మోడల్ ఒకటి ఉంది. ప్లాస్టిక్ బాడీ, ఫ్యాక్టరీ నలుపు. దాన్ని 1970ల్లో సికింద్రాబాద్–కాజీపేట లైను మీద, భువనగిరి, ఆలేరు మీదుగా గూడ్స్ లాగిన మన బ్రాడ్‌గేజ్ స్టీమ్ ఇంజన్ డబ్ల్యూజీలా చేయాలి. ఒక ప్రయత్నం ఇప్పటికే అయింది. ఇటుకరంగు పొడి ఇంజన్ ఒళ్లంతా రుద్ది, పైన మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టారు. పొడి మాయమైంది, తెల్లటి పొర తేలింది, ఇంజన్ చూడబోతే చెరువులోంచి లాగినట్టుందట.

అన్నా, ముందు ఆ ఇటుకరంగు డబ్బా పక్కన పెట్టండి. రోజూ డ్యూటీ చేసే ఇంజన్‌కు తుప్పు పట్టదు. బాయిలరు ఎప్పుడూ వేడిగా ఉంటుంది, కిందంతా నూనె జిడ్డు. తుప్పు పట్టేది షెడ్డు వెనక పట్టాల మీద వదిలేసిన ఇంజన్‌కు. నడిచే ఇంజన్ మీద గోధుమరంగు కనిపించే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్రేక్ షూల చుట్టుపక్కల, ఎందుకంటే పోత ఇనుము అరిగి పొడిగా ఎగురుతుంది. టెండరులో (బొగ్గు, నీళ్లు మోసే వెనక బండి) బొగ్గు గది లోపలి గోడలు, అక్కడ బొగ్గు రాసుకుని రంగు లేచిపోతుంది. స్మోక్‌బాక్స్ (బాయిలరు ముందు, పొగగొట్టం కింద ఉండే పెట్టె) అడుగు, అక్కడ వేడికి రంగు కాలుతుంది. అంతే. మిగతాదంతా మసి, నూనె, నీటి సున్నం, దుమ్ము. ఈ నాలుగింటిలో ప్రతిదానికీ పుట్టే చోటు ఒకటి, పారే దిక్కు ఒకటి ఉంటాయి. ఏ మరకైనా పెట్టబోయే ముందు "ఇది ఎక్కడినుంచి కారింది?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ మరక వద్దు.

ఇంకో సంగతి రంగు కన్నా ముఖ్యం: మెరుపు. నూనె ఉన్నచోట మెరుస్తుంది. మసి ఉన్నచోట వెలుగు చచ్చిపోతుంది. సున్నం మరక పొడిగా ఉంటుంది, అప్పుడే ఒలికిన నీళ్లు తడిగా ఉంటాయి. నలుపు మీద నలుపుగా ఉన్న ఇంజన్‌ను కన్ను ఈ తేడాలతోనే గుర్తుపడుతుంది. మొత్తాన్ని ఒకే మ్యాట్‌లో ముంచేస్తే ఈ తేడాలన్నీ పోయి, సుద్దముక్కలా తయారవుతుంది. మీ దాంట్లో జరిగిందీ అదే.

బాడీ పని ముందు చూద్దాం. ఎంచుకున్న మోడల్ తప్పు కాదు. డబ్ల్యూజీ కూడా 2-8-2 అమరికే: ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిది పెద్దవి, వెనక రెండు చిన్నవి. దాని పెద్ద చక్రం 1562 మి.మీ., అంటే 1:87లో సుమారు 18 మి.మీ. అమెరికన్ లైట్ మికాడో చక్రం 63 అంగుళాలు, స్కేలులో 18.4. ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. ఆనేది గేజు. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. హెచ్‌ఓలో 19.3 రావాలి, మీ పట్టాలు 16.5. అంటే చక్రాలు ఒక్కో పక్క దాదాపు 1.4 మి.మీ. లోపలికి ఉంటాయి. గేజు మార్చే పనికి దిగకుండా దీన్ని దాచే మార్గం ఉంది: చక్రాల వెనక ఫ్రేము, ఫైర్‌బాక్స్ అడుగు, రన్నింగ్ బోర్డు కింది భాగం అన్నిటికీ ఏ మెరుపూ లేని గాఢమైన నలుపు వేయండి. వెనక ఏమీ కనిపించకపోతే చక్రం ఎంత లోపలుందో కన్ను కొలవలేదు.

తీసేయాల్సినవి: గంట, మధ్య కప్లరు, ఎడమ పక్కన బాయిలరుకు అతుక్కున్న ఎయిర్ పంపు. ఆ కాలపు మన స్టీమ్ ఇంజన్లు లాగినవి ఎయిర్ బ్రేకు బండ్లను కాదు, వాక్యూమ్ బ్రేకు బండ్లను. ఎయిర్ పంపు ఉంచేస్తే తెలిసినవాళ్లు మొదట వేలు పెట్టేది దాని మీదే. రన్నింగ్ బోర్డు కింద ఉన్న గాలి ట్యాంకులు కోయడం కష్టమైతే వదిలేయండి, నీడలో కలిసిపోతాయి. హెడ్‌లైటు స్మోక్‌బాక్స్ తలుపు నడిమధ్యలో ఉంటే పీకి, పైన పొగగొట్టం ముందుకు మార్చండి. కోసిన చోట పడే గుంటలకు పుట్టీ పెట్టి, ఎండాక 400, తర్వాత 800 నంబరు నీటి కాగితంతో రుద్దండి. గుండ్రటి బాయిలరు మీద కాగితాన్ని వేలికి చుట్టి రుద్దితే అక్కడ చదునుగా దిగిపోతుంది. ఐస్‌క్రీం పుల్లకు అతికించి, వంపు వెంట తిప్పుతూ రుద్దాలి.

ఇంజన్ ముందున్న అడ్డ దూలానికి, అంటే బఫర్ బీమ్‌కు, రెండు బఫర్లు కావాలి. బ్రాడ్‌గేజ్ కొలత: బఫర్ల మధ్య దూరం 1956 మి.మీ., పట్టా మీదనుంచి ఎత్తు 1105 మి.మీ. స్కేలులో 22.5, 12.7. ఈ రెండంకెలు ఒక కార్డు ముక్క మీద గీసుకుని, దాన్ని అచ్చుగా పెట్టి రంధ్రాలు వేయండి. కంటి అంచనాతో వేస్తే ఒక బఫరు కిందికి దిగి, ఇంజన్ మొహం వంకర పోతుంది. మధ్యలో స్క్రూ కప్లింగు కొక్కెం, పక్కన వాక్యూమ్ గొట్టం. ఆ గొట్టానికి గిటారు లావు తీగ ముక్క సరిగ్గా సరిపోతుంది. 0.8 మి.మీ. మందంలో పైన సన్న తీగ చుట్టి ఉంటుంది కాబట్టి, రబ్బరు గొట్టం మీది గాట్లు వాటంతటవే వస్తాయి. కోసే ముందు కోసే చోట ఒక చుక్క జిగురు పడనివ్వండి, లేకపోతే చుట్టిన తీగ విడిపోతుంది.

హ్యాండ్‌రెయిళ్ల దగ్గర జర ఓపిక పట్టాలి. బొమ్మకూ మోడలుకూ తేడా తెలిసేది ఇక్కడే. అచ్చులో వచ్చిన గీతను గుండ్రటి అంచు బ్లేడుతో మీ వైపు లాగుతూ, పొర పొరగా గీకండి. ఒక్క ఊపులో కోయబోతే బ్లేడు బాయిలరులోకి దిగుతుంది. చుట్టూ రివెట్లు ఉంటే రెండు పొరల టేపు అంటించి కాపాడుకోండి. అసలు రెయిలు మందం 32 మి.మీ. అనుకుంటే స్కేలులో 0.37. అది 28 గేజు తీగ, 0.376 మి.మీ. ఇత్తడిది దొరికితే మంచిది, గట్టిగా నిలుస్తుంది. దొరక్కపోతే బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపులో రాగి తీగ అడగండి. నల్లగొండ వైపు ఆ షాపు లేని ఊరు అరుదు. గేజు చెప్తే మూర తీగ ఊరికే ఇస్తారు. కొత్త రాగి మెత్తన. ఒక చివర వైసులో బిగించి, రెండో చివర పటకారుతో పట్టి నిదానంగా లాగండి. చేతికి కొంచెం సాగినట్టు తెలిసి, ఆ తర్వాత బిగుసుకుంటుంది. అక్కడితో ఆపాలి. వంకరలు పోయి సూదిలా నిలబడుతుంది, మెత్తదనమూ తగ్గుతుంది. పైన వార్నిష్ పూత ఉంటుంది కాబట్టి 800 కాగితంతో ఒకసారి దూస్తేనే రంగు పట్టుకుంటుంది.

రంధ్రాలకు 0.4 డ్రిల్లు బిట్టు, చేత్తో తిప్పే పిన్ వైసు. బిట్లు విరగడానికి కారణం చాలాసార్లు ఒకటే: పక్కకు ఒత్తిడి. ముందు సూదితో చిన్న గుంట పెట్టండి, బిట్టును వైసులోంచి 5 మి.మీ. మించి బయటికి రానివ్వకండి, నాలుగు చుట్లకోసారి వెనక్కు తీసి పొట్టు దులపండి. నాబ్‌లు (రెయిలు తీగను పట్టి ఉంచే చిన్న గుబ్బలు) వరసగా ఉండాలంటే ఒక సన్నని టేపు పట్టీ బాయిలరు పొడుగునా అంటించి, దాని పై అంచు వెంట గుర్తులు పెట్టండి. ఫెవిక్విక్ ట్యూబుతో నేరుగా పెట్టొద్దు. ఒక డబ్బా మూత మీద చుక్క వేసి, సూది మొనతో తీసుకుని, వీలైతే బాడీ లోపలి వైపునుంచి తాకించండి. దాని ఆవిరి చుట్టూ తెల్లగా పడుతుంది. క్యాబ్ కిటికీ అద్దాల దగ్గర దాన్ని అసలు తేవద్దు, అక్కడ ఫెవికాలే చాలు.

ఇప్పుడు మీ తెల్ల పొర. మూడు కారణాలుంటాయి. వాన కురిసిన సాయంత్రం కొడితే గాలిలో తేమ వార్నిష్‌లో చిక్కి పాలలా తేలుతుంది. డబ్బా సరిగా ఊపకపోతే మ్యాట్ చేసే పొడి అడుగున ఉండిపోయి, చివర్లో ముద్దగా వస్తుంది. కనీసం 2 నిమిషాలు గడియారం చూసి ఊపాలి. మూడోది ఎండ. మే నెలలో మన దగ్గర 42, 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం దూరంనుంచి కొడితే వార్నిష్ గాలిలోనే ఆరి, ఇసుకలా వచ్చి పడుతుంది. 20 నుంచి 25 సెం.మీ. దూరం, పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు సమయం. ఇప్పటికే వచ్చిన పొరకు మందు: మొత్తం మీద ఒక పలుచటి గ్లాస్ (మెరిసే) వార్నిష్ కొట్టి చూడండి. చాలాసార్లు తెలుపు దానితోనే పోతుంది. పోయిందంటే బాడీ దక్కినట్టే. పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కానీ అది ఫ్యాక్టరీ రంగును కూడా లేపగలదు కాబట్టి ముందు టెండరు అడుగున ఒక మూల పరీక్షించండి.

పొడి మాయం కావడానికి కారణం వేరు. పొడి రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపే అది లేత రంగులో కనిపిస్తుంది. వార్నిష్ ఆ సందులు నింపేస్తుంది. ఎండిన మట్టి మీద నీళ్లు చల్లితే నల్లబడినట్టే ఇదీ. కాబట్టి పొడి ఎప్పుడూ చివరి పని, దాని మీద వార్నిష్ వేయకూడదు. వేళ్లు తగిలే చోట మాత్రం పొడిని ఐసోప్రొపైల్‌లో కలిపి బ్రష్‌తో పెడితే ఆరాక బాగానే అంటుకుని ఉంటుంది.

మూల రంగు. డబ్బాలో నుంచి తీసిన శుద్ధ నలుపు 15 సెం.మీ. ఇంజన్ మీద బొగ్గు గుంతలా ఉంటుంది, వివరాలన్నీ మింగేస్తుంది. పది చుక్కల నలుపుకు మూడు చుక్కల ముదురు బూడిద, ఒక చుక్క గోధుమ కలపండి. చుక్కల లెక్కకు 1 మి.లీ. ఇన్సులిన్ సిరంజి ఉంటే మళ్లీ అదే రంగు కలపొచ్చు. స్మోక్‌బాక్స్‌కు, పొగగొట్టానికి ఇంకో రెండు చుక్కల బూడిద ఎక్కువ. ఎప్పుడూ వేడెక్కే భాగం కాబట్టి అక్కడి రంగు పాలిపోయి ఉంటుంది. క్యాబ్ పక్కలు, టెండరు పక్కలు కొంచెం ముదురుగా ఉంచండి, తుడిచే చేతులు తిరిగేది అక్కడే. ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ. వేసవిలో యాక్రిలిక్ సూది మొన మీదే ఆరిపోతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కొద్దిగా కలిపి, పక్కన తడి బ్రష్ పెట్టుకుని మొన తుడుస్తుండండి. రంగు పలచన చేయడానికి బోరు నీళ్లు వద్దే వద్దు. నల్లగొండ వైపు బోరు నీళ్లు ఆరితే స్టీలు గ్లాసు మీదే తెల్ల వలయాలు మిగులుస్తాయి, ఇంజన్‌ను వదులుతాయా? బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

రంగు ఆరాక మొత్తానికి అరమెరుపు వార్నిష్, మ్యాట్ కాదు. మ్యాట్ మీద ఆయిల్ వాష్ (బాగా పలచన చేసిన ఆయిల్ రంగు) వేస్తే తాకిన చోటే పీల్చుకుని మరకలు పడతాయి, అరమెరుపు మీద పారుతుంది. వార్నిష్ యాక్రిలిక్ అయి ఉండాలి. ఎనామెల్ అయితే టర్పెంటైన్ దాన్నే కరిగిస్తుంది. 24 గంటలు ఆగండి.

వాష్‌కు ఆర్ట్ షాపులో దొరికే ట్యూబ్ ఆయిల్ రంగులు చాలు: బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ), ల్యాంప్ బ్లాక్ (నలుపు). రెండిటినీ ట్యూబులోంచి నేరుగా కలపకండి. అట్ట ముక్క మీద పిండి అరగంట వదిలేయండి. చుట్టూ నూనె మరక వ్యాపించడం కనిపిస్తుంది. ఆ నూనె అట్టకు పోవాలి, లేకపోతే వాష్ వారం రోజులైనా ఆరదు, ఆరినా మెరుస్తుంది. తర్వాత ఒక్కోటి బియ్యపుగింజంత తీసుకుని 5 మి.లీ. మినరల్ టర్పెంటైన్‌లో కలపండి. తెల్ల పింగాణీ పళ్లెం మీద వంచితే టీ డికాక్షన్‌లా పారాలి. రివెట్ల చుట్టూ, పట్టీల అంచుల్లో, గొట్టాలు బాయిలరును తాకేచోట బ్రష్ మొనతో తాకించి వదిలేస్తే అదే సందుల్లోకి పోతుంది. పది నిమిషాల తర్వాత, టర్పెంటైన్‌లో ముంచి గుడ్డకు తుడిచిన బ్రష్‌తో ఎక్కువైంది పైనుంచి కిందికి లాగేయండి. అడ్డంగా తుడవకూడదు. వాష్‌తో ముంచేయకూడదు కూడా. బిగుతుగా అమర్చిన ప్లాస్టిక్ భాగాల్లోకి టర్పెంటైన్ చేరి నిలిస్తే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. చక్రాల నడిమి ప్లాస్టిక్‌దీ ఇదే కథ.

సున్నం మరకలకు టైటానియం వైట్‌లో సూది మొనంత అంబర్ కలపండి. పాలతెలుపు కాకూడదు, పాత గోడ సున్నంలా ఉండాలి. ఎక్కడ పెట్టాలి? ఫైర్‌బాక్స్ పక్కల్లో ఉన్న వాషవుట్ ప్లగ్గుల (బాయిలరు కడగడానికి తెరిచే బిరడాలు) కింద, బాయిలరులోకి నీళ్లు వెళ్లే క్లాక్ వాల్వుల కింద, క్యాబ్ అడుగున ఇంజెక్టర్ ఓవర్‌ఫ్లో గొట్టం మూతి దగ్గర, సేఫ్టీ వాల్వుల చుట్టూ. బాయిలరు నీళ్లు ఆవిరైతే అందులో కరిగిన లవణం మిగులుతుంది, ఆ తెలుపు అదే. ఒక ప్లగ్గు తీసుకుందాం. 000 బ్రష్‌తో దాని కింది అంచున అర మిల్లీమీటరు చుక్క పెట్టండి. పది నిమిషాలు ఆగండి. చిన్న చదును బ్రష్‌ను టర్పెంటైన్‌లో ముంచి, తడి దాదాపు లేనట్టుగా గుడ్డకు తుడిచి, చుక్క మీదనుంచి ఒక్కసారి కిందికి లాగి చేయి ఎత్తేయండి. పైన చిక్కగా, కింద పొగలా తేలిపోయే గీత వస్తుంది. 12 మి.మీ. గీత అంటే అసలు ఇంజన్ మీద మీటరు పైమాటే. అంత పొడవు ఒకటి రెండు చాలు, మిగతావి 4, 5 మి.మీ. ప్రతి ప్లగ్గుకూ పెట్టొద్దు. అన్నీ ఒకేసారి కారవు. గీత గుండ్రటి బాయిలరు వంపు వెంట దిగాలి, వంపును కోస్తూ నిటారుగా పోయిందంటే అది పెయింటు గీతే అనిపిస్తుంది.

స్మోక్‌బాక్స్ తలుపు కింది సగం, దాని ముందు ప్లాట్‌ఫారం, బఫర్ బీమ్ మీద లేత బూడిదరంగు పొడి. లోపల చేరిన బూడిద, కాలీకాలని నుసి తోడి బయటికి పోసినప్పుడు అక్కడే పడుతుంది. అదే బూడిద యాష్‌పాన్ (ఫైర్‌బాక్స్ కింద బూడిద పడే తట్ట) అంచుల్లోనూ. పొగగొట్టం మూతి, క్యాబ్ పైకప్పు, బాయిలరు నడినెత్తి మసితో పూర్తిగా మ్యాట్. బాడీ మీద ఇక్కడ మాత్రమే మ్యాట్ వార్నిష్‌ను ఎయిర్‌బ్రష్‌తో పైనుంచి కిందికి పట్టీలా కొట్టండి. పక్కలకు దిగేకొద్దీ అరమెరుపు అలాగే మిగలాలి. ఈ ఒక్క మార్పు మీ ఫొటోలో సగం తేడా తెస్తుంది.

చక్రాలను కలిపే రాడ్డులు. మీ మోడల్‌కు వచ్చినవి నికెల్ తళతళలు, చెంచాల్లా ఉంటాయి. రసాయనంతో నల్లబరిచే మందులు ఆ పూత మీద సరిగా పట్టవు. ముందు స్పిరిటుతో జిడ్డు తీసి, పలుచటి మ్యాట్ వార్నిష్, దాని మీద అంబర్ ఎక్కువ నలుపు తక్కువ ఉన్న వాష్. ఆరాక మెత్తటి పెన్సిలు మొన పొడి వేలికి అద్దుకుని రాడ్డు చదును ముఖం మీద ఒక్కసారి రాయండి. ఉక్కు మెరుపు వస్తుంది, సందుల్లో జిడ్డు గోధుమరంగు మిగులుతుంది. ఆ గ్రాఫైటు కరెంటును పారిస్తుంది. చక్రాల ఇన్సులేషన్ దగ్గరికి, పట్టాల నుంచి కరెంటు అందుకునే పికప్ తీగల దగ్గరికి చేరనివ్వొద్దు. చివర్లో క్రాంక్ పిన్నుల చుట్టూ, స్లయిడ్ బార్ల మీద ఒక చుక్క గ్లాస్ వార్నిష్‌లో కొద్దిగా అంబర్ కలిపి పెట్టండి: నూనె. క్రాంక్ పిన్ను తిరిగేటప్పుడు చిమ్మే నూనె చక్రం ఆకుల మీద బయటివైపుకు సన్న చారలుగా పడుతుంది. అవి పిన్ను దగ్గర మొదలై అంచు వైపు పోవాలి.

చక్రాలకు రంగు కొట్టేటప్పుడు అవి తిరుగుతూ ఉండాలి. ఆగి ఉంటే రాడ్డుల వెనక రంగు పడని నీడలు మిగిలి, ఇంజన్ కదలగానే బయటపడతాయి. డీసీ మోడల్ అయితే 9 వోల్టుల బ్యాటరీ తీగలు పికప్పులకు తాకించి తిప్పొచ్చు. డీసీసీ డీకోడర్ (డిజిటల్ కంట్రోలు చిప్పు) ఉంటే ఆ పని వద్దు, చక్రాలను చేత్తో పావు చుట్టు చొప్పున జరుపుతూ నాలుగు విడతలుగా కొట్టండి.

టెండరు. అచ్చు బొగ్గును కోసేసి నిజం బొగ్గు వేయండి. ఇస్త్రీ బండి దగ్గర దొరికే కట్టెబొగ్గు కాదు, రాక్షసి బొగ్గు. కట్టెబొగ్గు మెత్తగా, చప్పగా ఉంటుంది. సింగరేణి బొగ్గు పలకలుగా విరిగి అక్కడక్కడ మెరుస్తుంది, ఆ మెరుపు స్కేలులోనూ దక్కుతుంది. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, టీ వడకట్టులో జల్లించండి. వడకట్టు మీద మిగిలిన వాటిలో 2 మి.మీ. లోపు ముక్కలు ఏరితే 17 సెం.మీ. గడ్డలకు సమానం. అంతకన్నా పెద్దవి బండరాళ్లలా కనిపిస్తాయి. కుప్ప వెనక ఎత్తుగా, క్యాబ్ వైపు పల్లంగా ఉండాలి, పార ఆడేది ముందు వైపే కదా. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు, గిన్నెల సబ్బు ఒక చుక్క కలిపి డ్రాపర్‌తో వదలండి. సబ్బు లేకపోతే నీళ్లు బొగ్గు మీద ముత్యాల్లా నిలిచి, నుసిని ఈడ్చుకుపోతాయి. నీళ్లు పట్టే మూత చుట్టూ, టెండరు వెనక గోడ మీద ఒలికిన చారలు: పాతవి సున్నం తెలుపు, వాటి పక్కనే ఒకటో రెండో గ్లాస్ వార్నిష్ గీతలు, ఇప్పుడే నీళ్లు పట్టినట్టు. తడికి రంగు వేయనక్కర్లేదు, మెరుపే తడి.

దుమ్ముకు మన చెలక మట్టి వాడాలని అందరికీ అనిపిస్తుంది, వాడొచ్చు. కానీ నేరుగా వద్దు. ఎండబెట్టి, పలుచటి పాత పంచె గుడ్డలో రెండుసార్లు జల్లించి, కాగితం మీద పరిచి, కవరు చుట్టిన అయస్కాంతం దాని మీద తిప్పండి. నల్లటి నుసి లేచి అంటుకుంటుంది. ఆ ఇనుప రేణువులు ఉంటే మోటారు అయస్కాంతం లాక్కుని లోపలే అరగదీస్తుంది. మిగిలిన పొడి ఎరుపు కూడా స్కేలుకు ఎక్కువే. బూడిదరంగు మెత్తటి పాస్టెల్‌ను 220 కాగితం మీద గీకి, సగానికి సగం కలపండి. ఆయిల్ పాస్టెల్ పనికిరాదు, ముద్దవుతుంది. ఈ దుమ్ము ఇరుసుల కింద, మెట్ల మీద, టెండరు బోగీల మీద, బఫర్ బీమ్ అడుగున మాత్రమే. బాయిలరు మీదికి ఎక్కితే మళ్లీ మొదటికొస్తారు. బ్రేక్ షూల దగ్గర మాత్రం ఆ ఇటుకరంగు డబ్బా తెరవండి, చిటికెడు చాలు.

క్యాబ్‌లో డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. హ్యాండ్‌రెయిళ్లకు చేతులు పట్టుకునే చోట, మెట్ల అంచుల్లో పెన్సిలు పొడి రాస్తే రోజూ వాడే ఇంజన్ అని తెలుస్తుంది.

చూసి చేయడానికి ఫొటోలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఆఫీసుల ముందు దిమ్మె మీద నిలబెట్టిన ఇంజన్లకు ఏళ్లకేళ్లు ఎనామెల్ మీద ఎనామెల్ కొడతారు. కొలతలకు, రివెట్లకు, గొట్టాల దారులకు అవి బంగారం, మురికికి మాత్రం పనికిరావు. బ్రాడ్‌గేజ్ మీద స్టీమ్ 1995 దాకా నడిచింది కాబట్టి పని చేస్తుండగా తీసిన రంగు ఫొటోలకు కరువు లేదు. ఒకే నంబరు ఇంజన్‌వి రెండు మూడు దొరికితే ఇంకా మంచిది.

మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఒక మాట. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు పోయే లైను 1990ల దాకా మీటర్‌గేజ్. అక్కడికి డబ్ల్యూజీ నప్పదు, వైపీ, వైజీ కావాలి. హెచ్‌ఓలో 12 మి.మీ. పట్టాలు, చక్రం వైజీకి 14, వైపీకి 15.8 మి.మీ. మురికి పద్ధతి అంతా ఇదే. బాయిలరు పట్టాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి చెలక దుమ్మును ఇంకొంచెం పైకి రానివ్వొచ్చు, సిలిండర్ల సగం దాకా.

అన్నీ అయ్యాక చక్రాల అంచులను ఐసోప్రొపైల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడవండి, బడ్ తెల్లగా వచ్చేదాకా. ఇరుసులకు, రాడ్డు కీళ్లకు సూది మొనతో ఒక్కో చుక్క మెషిన్ ఆయిల్. మొదటి పది చుట్లు లైటు బండితో, పట్టాల మీద ఒకచోట తెల్ల టిష్యూ కాగితం పరిచి నడపండి. కాగితం మీద నల్ల గీతలు పడితే చక్రాలకు ఇంకా రంగుందన్నమాట, ఎర్ర పొడి పడితే దుమ్ము ఎక్కువైందన్నమాట. ఎక్కువైన దుమ్మును ఊదకండి, మోటార్లోకి పోతుంది. ఇంజన్‌ను పక్కకు వంచి మెత్తటి బ్రష్‌తో దులపండి.